లేత్ మీద తిరిగే సిరామిక్: కోతకు లొంగడం వెనుక ఉన్న లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డులోనైనా కళ్లెదుట కనిపించే సాంకేతిక సిరామిక్ స్పార్క్ ప్లగ్ మీది తెల్లటి గొట్టం. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఉంటుంది. దాని మీద ఆకురాయి పెట్టి రుద్దితే అరిగేది ఆకురాయే తప్ప ఆ గొట్టం కాదు. అదే వీధిలో క్రాంక్ షాఫ్టులను, యాక్సిళ్లను వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పి ఇచ్చే లేత్ షాపులు వరుసగా ఉన్నా, ఆ చిన్న తెల్ల ముక్కకు కొత్తగా ఒక బెజ్జం వేసి ఇమ్మంటే ఏ టర్నరూ ముందుకు రాడు. ప్లగ్గుల కంపెనీకి ఇది సమస్య కాదు. అల్యూమినా పొడిని రబ్బరు అచ్చులో అన్ని వైపుల నుంచి సమంగా ఒత్తి, ఇంకా కాల్చక ముందే సానచక్రంతో రూపు దిద్ది, ఆ తర్వాత సుమారు 1600 డిగ్రీల కొలిమికి పంపుతుంది. లక్షల సంఖ్యలో ఒకే ఆకారం కావాలి కాబట్టి అచ్చులకు, కొలిమికి పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది. కావలసింది నాలుగు ముక్కలే అయి, వాటిలో రెండు మరలు, ఒక మెట్టు, ఒక ఏటవాలు బెజ్జం ఉంటే ఈ దారి పనికిరాదు. కోతకు లొంగే సిరామిక్‌లు పుట్టింది ఈ ఖాళీని పూరించడానికే.

మామూలు సిరామిక్ ఎందుకు లొంగదో ముందు చూడాలి. ఉక్కును కోసేటప్పుడు టూల్ ముందున్న లోహం పగలదు, జారుతుంది. స్ఫటికంలోని అణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జరిగి, చుట్టలు చుట్టుకుంటూ పొట్టు రూపంలో బయటికి వస్తాయి. అల్యూమినా వంటి పదార్థాల్లో అణువుల మధ్య బంధాలు బలమైనవి, పైగా దిశ మారడానికి ఒప్పుకోనివి కావడం వల్ల మామూలు ఉష్ణోగ్రతలో ఆ జారుడుకు తావు లేదు. జారలేని పదార్థానికి మిగిలేది పగలడమే. పగులు ఒకసారి మొదలైతే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. పగులును తట్టుకునే గుణాన్ని కొలిచే ప్రమాణంలో (మెగాపాస్కల్ రూట్ మీటర్లలో) అల్యూమినా విలువ 3 నుంచి 5 మధ్య ఉంటే, మామూలు నిర్మాణ ఉక్కుల విలువ 50 దాటుతుంది. అందుకే కాలిన అల్యూమినాను వజ్రపు రజను అద్దిన చక్రాలతో మెల్లమెల్లగా అరగదీయడమే తప్ప కోయడం కుదరదు. సిరామిక్ భాగాల ధరలో పెద్ద వంతు తరచు ఈ అరగదీతకే పోతుంది.

కోతకు లొంగే సిరామిక్‌లో చేసిన ఉపాయం ఈ పగులును ఆపడం కాదు, పగులుకు దారి వేసి పెట్టడం. వీటిలో బాగా పేరున్నది అమెరికాలోని కార్నింగ్ సంస్థ 1970ల్లో తెచ్చిన మాకర్. ఇది గాజు సిరామిక్. ముందు గాజుగా కరిగించి దిమ్మెలుగా పోత పోసి, తర్వాత లెక్క ప్రకారం మళ్లీ వేడి చేస్తే లోపల స్ఫటికాలు మొలుస్తాయి. గాజులో ఇలా స్ఫటికాలను పెంచవచ్చని అదే సంస్థలో డొనాల్డ్ స్టూకీ 1953లో కనిపెట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 600 డిగ్రీలకు పెట్టవలసిన కొలిమి అదుపు తప్పి 900కు చేరగా, కరిగి పాడైపోయి ఉంటుందనుకున్న గాజు పలక గట్టి తెల్లటి పదార్థంగా మారి ఉంది. మాకర్‌లో మొలిచే స్ఫటికం ఫ్లోరోఫ్లోగోపైట్ అనే అభ్రకం. గూడూరు గనుల పుణ్యమా అని ఆంధ్రులకు అభ్రకం, అంటే కాకిబంగారం, కొత్త సరుకు కాదు. గూడూరులో దొరికేది మస్కొవైట్ జాతి, మాకర్‌లో పెరిగేది మెగ్నీషియం, ఫ్లోరిన్ ఉన్న జాతి. అయినా పొరలుగా విడిపోయే గుణం రెంటికీ ఒకటే.

మాకర్‌లో సుమారు 55 శాతం ఈ అభ్రకం, 45 శాతం బోరోసిలికేట్ గాజు ఉంటాయి. అభ్రకం ఒక పెద్ద దిమ్మగా కాక, మైక్రాన్లలో కొలవవలసిన సన్నని పలకలుగా, ఏ దిక్కుకూ మొగ్గకుండా, ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటుంది. దీన్ని పదార్థశాస్త్రంలో పేకమేడతో పోలుస్తారు. కార్బైడ్ టూల్ అంచు తగిలినప్పుడు ఆ చోట పుట్టిన పగులు పక్కనున్న పలక పొరల వెంట మళ్లి, కొంత దూరం పోయి, అడ్డంగా ఉన్న మరో పలక తగలగానే ఆగిపోతుంది. ఒక సూక్ష్మమైన రేణువు మాత్రం రాలిపోతుంది, దిమ్మ అలాగే ఉంటుంది. ఇలాంటి లక్షల రాలుళ్ల మొత్తమే కోత. కాబట్టి మాకర్ ఒక్క చోట కూడా లోహంలా జారదు, ఎంత నునుపుగా కోసినా అది పగులుతూనే ఉంటుంది. అమ్మకపు కాగితాల మీద తరచు కనిపించే ‘లోహంలా కోయవచ్చు’ అన్న మాట సగమే నిజం. మిగిలిన సగాన్ని పట్టించుకోని షాపులో మొదటి ముక్క విరగడం దాదాపు ఖాయం.

ఈ వెసులుబాటుకు ధర ఉంది, అది అంకెల్లోనే కనిపిస్తుంది. మాకర్ వంపు బలం సుమారు 94 మెగాపాస్కల్‌లు. మంచి అల్యూమినాది 300కు పైన, పళ్లకు వాడే జిర్కోనియాది 900 నుంచి 1200 దాకా ఉంటుంది. పగులును తట్టుకునే విలువ 1.5 దగ్గరే ఆగిపోతుంది, అంటే అల్యూమినాలో సగానికి మించదు. నొక్కుడును మాత్రం 345 మెగాపాస్కల్‌ల వరకు ఓర్చుకుంటుంది కనుక ఏ భాగాన్నైనా లాగేలా కాక నొక్కేలా అమర్చడం తెలివైన పని. వేడిలో అది నిలకడగా 800 డిగ్రీల వరకు, బరువేమీ లేనప్పుడు కొద్దిసేపు 1000 వరకు పనిచేస్తుంది. అల్యూమినా 1600 దాటినా నిలుస్తుంది. అయితే మాకర్ గెలిచే చోట్లు వేరే ఉన్నాయి. అందులో రంధ్రాలు అసలు ఉండవు. విద్యుత్తును పోనివ్వదు. వేడిని పోనివ్వడంలోనూ పిసినారే, దాని ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 1.46 వాట్లు మాత్రమే. అన్నింటికంటె ముఖ్యంగా, కోసిన తర్వాత మళ్లీ కొలిమిలో పెట్టవలసిన పని లేదు. వెర్నియర్‌తో కొలిచిన కొలతే చివరి కొలత. జాగ్రత్తగా చేస్తే మిల్లీమీటరులో నూరో వంతు దరిదాపుల్లో, 0.013 మిల్లీమీటర్ల తేడాతో భాగాలు చేయవచ్చు.

ఆటోనగర్ లేత్ మీద దీన్ని తిప్పాలంటే కొత్త మిషన్ అక్కరలేదు, చేతి అలవాట్లు కొన్ని మారాలి. కార్బైడ్ టిప్ పెట్టి, ఉపరితల వేగాన్ని నిమిషానికి 10 నుంచి 15 మీటర్లకు తగ్గించాలి. కార్బైడ్‌తో మైల్డ్ స్టీల్‌ను తిప్పే వేగంలో ఇది పదో వంతు కన్నా తక్కువ కాబట్టి, అలవాటు పడని టర్నర్‌కు మిషన్ నిద్రపోతున్నట్టే అనిపిస్తుంది. ఫీడ్, అంటే జాబ్ (కోసే ముక్క) ఒక చుట్టు తిరిగేలోగా టూల్ జరిగే దూరం, 0.05 నుంచి 0.13 మిల్లీమీటర్లు సరిపోతుంది. రాలేది పొట్టు కాదు, పోత ఇనుములో వచ్చినట్టు పొడి. ఆ పొడి టూల్‌కు, జాబ్‌కు మధ్య ఇరుక్కుంటే రెంటినీ అరగదీస్తుంది. అందువల్ల నీళ్ల కూలెంట్‌ను ధారగా వదులుతూనే ఉండాలి. నీళ్లలో తడిసిన పొడి గాలిలోకి లేవదు కాబట్టి ఊపిరితిత్తులకూ మేలు. సిలికేట్ ధూళిని పీల్చుకోవడం ఎవరికీ మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

ముక్కను పట్టి తిప్పే చక్‌లో బిగించే తీరు దగ్గరే చాలా ముక్కలు పాడవుతాయి. మూడు దవడల చక్‌లో ఉక్కు రాడ్‌ను బిగించినంత గట్టిగా బిగిస్తే దవడ ఆనిన చోటే నెర్రె పుడుతుంది. అది అప్పుడు కంటికి కనిపించకపోవచ్చు, సగం పని అయ్యాక విడిపోతుంది. దవడలకు, జాబ్‌కు మధ్య ఇనుప రజను ఒక్క పలుకున్నా ఒత్తిడంతా ఆ చోటే పడుతుంది. డ్రిల్లింగ్‌లో ప్రమాదం బెజ్జం మొదట్లో కాదు, చివర్లో. బిట్ అవతలి వైపుకు పొడుచుకు వచ్చే క్షణంలో కింద ఆధారం లేక అంచు పెచ్చులుగా ఊడుతుంది. దానికి విరుగుడు సులువే. అవతలి వైపు కనీసం 1.3 మిల్లీమీటర్ల మందం అదనంగా ఉంచుకుని, బెజ్జం పూర్తయ్యాక ఆ మందాన్ని ఫేసింగ్‌లో, అంటే కొస ముఖాన్ని చదునుగా కోసేటప్పుడు, తీసేస్తే పెచ్చు ఊడిన భాగం కూడా దానితో పోతుంది.

మర వేయడంలోనే చెయ్యి ఎక్కువగా ఎదురు తిరుగుతుంది. లోహంలో ట్యాప్ (బెజ్జం లోపల మర కోసే పనిముట్టు) వేసేవాడు ఒక చుట్టు ముందుకు తిప్పి, పొట్టు తెగడానికి అర చుట్టు వెనక్కి తిప్పుతాడు. ఏళ్ల తరబడి చేసిన ఈ కదలిక ఆలోచించకుండానే వచ్చేస్తుంది. మాకర్‌లో ఆ వెనక్కి తిప్పడమే అప్పుడే తెగిన మర పళ్లను ఊడగొడుతుంది. ఇక్కడ తెంపవలసిన పొట్టు లేదు గనుక ట్యాప్‌ను ఒకే దిక్కుకు, నీళ్లతో పొడిని కడుగుతూ, చివరిదాకా తిప్పాలి. లోహానికి వేసే బెజ్జం కంటె ఒక సైజు పెద్దది వేయాలి, ట్యాప్ దింపే ముందే రెండు కొసల అంచులనూ ఏటవాలుగా తీసి ఉంచాలి.

బోరాన్ నైట్రైడ్ ఈ కుటుంబంలో రెండో ముఖ్యమైన సభ్యుడు. దీని అణువుల అమరిక గ్రాఫైట్‌లో మాదిరిగా పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య పట్టు సడలిగా ఉండడం వల్ల హై స్పీడ్ స్టీల్ టూల్‌తోనే సాఫీగా కోతపడుతుంది. గ్రాఫైట్ నల్లగా ఉండి విద్యుత్తును పోనిస్తే, ఇది తెల్లగా ఉండి పోనివ్వదు. కరిగిన లోహాల్లో చాలా వాటికి ఇది అంటుకోదు. అడ్డంగా పోత పోసే నిరంతర కాస్టింగ్‌లో అచ్చు మొదట ఉండే కట్టులు, కరిగిన లోహం పోసే నాజిళ్లు, ఉపగ్రహాలను జరిపే హాల్ థ్రస్టర్లలో ప్లాస్మా ఆనే గోడలు దీనితో లేదా దీని మిశ్రమాలతో చేసేది అందుకే. గాలి తగలని చోట 2000 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది, గాలిలో మాత్రం 900 దగ్గరే ఆక్సీకరణ మొదలవుతుంది. మాకర్‌కు చేసినట్టు దీనికి నీళ్లు పట్టడం పొరపాటు. కొన్ని రకాల్లో జిగురుగా ఉన్న బోరిక్ ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది, తర్వాత వేగంగా వేడి చేస్తే ఆ తేమ ఆవిరై భాగాన్ని లోపలి నుంచే చీలుస్తుంది. కృష్ణా తీరంలోని వానాకాలపు గాలిలో ఇలాంటి రకాన్ని విప్పి అల్మారాలో పెట్టడం కూడా మంచిది కాదు. పొడిగా కోసి, పొడిగా దాచి, వాడే ముందు మెల్లగా ఆరబెట్టాలి.

అల్యూమినియం నైట్రైడ్‌లో బోరాన్ నైట్రైడ్ పలకలను కలిపి చేసే షపాల్ అనే జపాన్ పదార్థం బలాన్ని, కోతను కొంతవరకు ఒకే చోట కలపగలిగింది. దాని వంపు బలం 300 మెగాపాస్కల్‌ల దరిదాపుల్లో, ఉష్ణ వాహకత 90 దగ్గర ఉంటాయి. అంటే విద్యుత్తును ఆపుతూనే వేడిని బయటికి పంపవలసిన చోట మాకర్ చేయలేని పనిని ఇది చేస్తుంది. ఇవి కాక, టైటానియం సిలికాన్ కార్బైడ్ వంటి మ్యాక్స్ ఫేజ్‌లు, అంటే పొరల అమరిక ఉన్న ఒక రకం కార్బైడ్‌లు, నైట్రైడ్‌లు, ఉన్నాయి. 1996లో మిషెల్ బార్సూమ్ బృందం శుద్ధమైన దిమ్మలుగా చేసి చూపిన ఈ పదార్థాలు హ్యాక్సాకు తెగుతాయి, విద్యుత్తును కూడా పోనిస్తాయి. అవి ఇంకా మామూలు బజారు సరుకుగా మారలేదు.

కోతకు లొంగే రాళ్లను వెతుక్కోవడం మనిషికి ఈ మధ్య పుట్టిన ఆలోచన కాదు. పలక మీద అక్షరాలు దిద్దిన తరాలకు బలపం తెలుసు. ఆ మెత్తటి బలపపు రాయి, అంటే స్టియటైట్, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో విరివిగా ఉంది. గోటితో గీరితే గీత పడే ఈ రాయిని 900 డిగ్రీలు దాటించి కాలిస్తే అందులోని నీరు పోయి ఎన్‌స్టటైట్ అనే గట్టి ఖనిజంగా మారుతుంది. సింధులోయ ముద్రికల్లో చాలా భాగం ఇలా మెత్తగా ఉన్నప్పుడు చెక్కి, తర్వాత కాల్చినవే. హీటర్లలో, ఇస్త్రీపెట్టెల్లో తీగను పట్టి ఉంచే స్టియటైట్ పూసలు ఈ వంశంలోవే, కాకపోతే ఇప్పుడు వాటిని పొడిగా ఒత్తి కాలుస్తారు. పైరోఫిల్లైట్ అనే మరో సహజ రాయిని నేటికీ లేత్ మీద తిప్పి, ఆ తర్వాత 1000 డిగ్రీల పైన కాల్చి వాడుతున్నారు. కాల్చినప్పుడు దాని కొలత మారేది సుమారు రెండు శాతమే కనుక పెద్దగా ఇబ్బంది ఉండదు.

ముందు కోయడం, తర్వాత కాల్చడం అన్న ఈ పాత పద్ధతి నేడు విజయవాడ, గుంటూరు నగరాల్లో రోజూ జరుగుతున్నది ఫౌండ్రీల్లో కాదు, పళ్ల ల్యాబుల్లో. డాక్టరు తీసిన పంటి కొలత కంప్యూటరుకు చేరాక, సగం కాల్చిన జిర్కోనియా బిళ్లను మిల్లింగ్ మిషన్‌లో బిగిస్తారు. ఆ దశలో అది పొడి రేణువులు ఒకదానికొకటి అంచుల దగ్గర మాత్రమే అతుక్కున్న స్థితిలో ఉంటుంది కనుక చిన్న కట్టర్ కూడా తేలికగా దూసుకుపోతుంది. పంటి తొడుగు (క్రౌన్) ఆకారాన్ని అసలు కొలత కంటె 20 నుంచి 25 శాతం పెద్దదిగా కోస్తారు. తర్వాత 1500 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలిస్తే రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోయి, తొడుగు కుంచించుకుని పంటికి సరిపోయే సైజుకు వస్తుంది. ఎంత కుంచించుకుంటుందో ప్రతి బిళ్లకూ వేరుగా ఉంటుంది. అందుకే బిళ్ల మీద దాని సొంత గుణకాన్ని ముద్రిస్తారు. టెక్నీషియన్ ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో తప్పుగా కొడితే మిగతా పనంతా ఎంత బాగా చేసినా తొడుగు పంటి మీద కూర్చోదు.

అదే ల్యాబులో కనిపించే నీలం రంగు దిమ్మె మరో దారి తొక్కుతుంది. లిథియం డైసిలికేట్ అనే ఈ గాజు సిరామిక్‌ను మధ్యంతర స్థితిలో, లోపల లిథియం మెటాసిలికేట్ స్ఫటికాలు ఉండగా అమ్ముతారు. అప్పుడు దాని బలం 130 నుంచి 150 మెగాపాస్కల్‌లు. అది మాకర్ కంటె మరీ ఎక్కువ కాదు కాబట్టి వజ్రపు బర్‌తో అరగంటలోపే తొడుగు కోసి చూసుకోవచ్చు. తర్వాత సుమారు 840 డిగ్రీల దగ్గర కాలిస్తే స్ఫటికాలు జాతి మారి, నీలం రంగు పోయి పంటి రంగు వస్తుంది, బలం 360కి చేరుతుంది. ఇందులో కుంచించుకోవడం అర శాతం కూడా ఉండదు. 1980ల్లో అభ్రకం ఉన్న డైకార్ అనే గాజు సిరామిక్‌ను కూడా పళ్లకు వాడి చూశారు. నమలడంలో అది విరగడం ఎక్కువ కావడంతో వాడకం నుంచి తప్పుకుంది. కోత సులువు కోసం ఇచ్చిన బలాన్ని నోరు క్షమించలేదు. నీలం దిమ్మెలో ఆ బలాన్ని కొలిమి తిరిగి ఇచ్చేస్తుంది, రెంటికీ తేడా అదే.

పై లెక్కను బట్టి కోతకు లొంగే సిరామిక్‌ను ఎక్కడ వాడకూడదో తేలిగ్గా చెప్పవచ్చు. గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో నూలు వేగంగా జారే గైడ్‌లకు మాకర్ పెడితే, నూలే కొన్నాళ్లకు దానిలో గాడి తవ్వుతుంది. అక్కడ కావలసింది ఒత్తి కాల్చిన అల్యూమినా. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బూడిద నీళ్లు పారే గొట్టాల వంపులకూ అంతే, కోత తేలికైన పదార్థం ఒరిపిడికీ తేలికే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తగిలే చోట సిలికా ఉన్న ఏ గాజు సిరామిక్ కూడా నిలవదు. సమ్మెట దెబ్బల్లాంటి కుదుపులుండే చోట అసలు సిరామిక్ ఊసే వద్దు.

వాడవలసిన చోట్లు దీనికి భిన్నమైనవి: తక్కువ ముక్కలు, చిక్కు ఆకారం, విద్యుత్తు లేదా వేడి లేదా శూన్యం. శూన్యంలో పనిచేసే పరికరాల్లో ప్లాస్టిక్ పెడితే వేడికి వాయువులు వదులుతుంది, మాకర్‌లో రంధ్రాలే లేవు కనుక ఒకసారి వేడి చేసి శుభ్రపరిస్తే ఏమీ వదలదు. అందువల్ల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో, మాస్ స్పెక్ట్రోమీటర్లలో అధిక వోల్టేజి పలకల మధ్య ఎడం ఉంచే ముక్కలుగా (స్పేసర్లుగా) దాన్ని పెడతారు. అమెరికా అంతరిక్ష షటిల్‌లో కిటికీలు, తలుపులు, కీళ్ల దగ్గర పెట్టిన మాకర్ భాగాలు 200కు పైగా ఉన్నాయి. ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలల, విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు కొలిమి లోపలి ఎలక్ట్రోడ్ పట్టులు, శూన్య గదుల ఇన్సులేటర్లు అప్పుడప్పుడూ కావలసి వస్తాయి. దిమ్మె మాత్రం బయటి నుంచి తెప్పించుకుని, తిప్పించే పనిని ఊళ్లోని మంచి టర్నర్‌తో చేయించుకుంటే, రెడీమేడ్ భాగానికి పట్టే ఎదురుచూపులో చాలా భాగం తగ్గుతుంది. ఆ టర్నర్‌కు మొదట చిన్న తునక ఒకటి ఇచ్చి బెజ్జం, మర వేయించి చూడడం దిమ్మె మొత్తాన్ని చేతిలో పెట్టడం కంటె చవక.

డ్రాయింగ్ గీసేవారు కూడా కొంత దిగిరావాలి. ఉక్కు భాగానికి గీసిన డ్రాయింగ్‌లో పదార్థం పేరు ఒక్కటి మార్చి షాపుకు పంపితే పని జరగదు. లోపలి మూలలను పదునైన లంబకోణంగా కాక గుండ్రంగా ఇవ్వాలి, లేకపోతే పగులు మొదలయ్యేది ఆ మూలలోనే. కత్తి అంచులు, పలచని పెదవులు ఉండకూడదు. సన్నని మరల కంటె ముతక మరలు మేలు, మాటిమాటికీ విప్పి బిగించే చోట సిరామిక్‌లో మర వేయడం మాని, ఆరపార బెజ్జం పెట్టి బోల్టు, నట్టు వాడాలి. మాకర్ ఉష్ణ వ్యాకోచం డిగ్రీకి పది లక్షల్లో 9.3 పాళ్లు, మైల్డ్ స్టీల్‌ది సుమారు 12. ఈ తేడాతో, 100 మిల్లీమీటర్ల పొడవున్న మాకర్ పలకను ఉక్కు ఫ్రేములో రెండు కొసలా బిగించి 300 డిగ్రీలు వేడెక్కిస్తే, ఉక్కు మాకర్ కంటె మిల్లీమీటరులో పన్నెండో వంతు దాకా ఎక్కువ సాగి పలకను లాగుతుంది. లాగుడే దానికి సరిపడనిది కనుక, ఒక కొసన బెజ్జాన్ని గుండ్రంగా కాక పొడవాటి గాడిగా కోసి, బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ వేయాలి.